కొత్త సిలిండర్ బిగించాక గ్యాస్ వాసన: మా ఇంట్లో ఎలా సరిచేశాం

సిలిండర్ మార్చగానే వాసన వస్తే అందరూ ట్యూబునే అనుమానిస్తారు. మా ఇంట్లో తప్పు వాల్వు మూతి లోపలి నల్లటి రబ్బరు వాషర్‌ది. అది చిట్లినా, ఊడిపోయినా రెగ్యులేటర్ తిప్పగానే సన్నగా బుస్సుమంటుంది.

ముందు రెగ్యులేటర్ ఆపి, తీసేసి, సిలిండర్‌కు మూత బిగించాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలబారునే పరుచుకుంటుంది. కాబట్టి కిటికీ ఒక్కటే చాలదు, తలుపులూ తీయాలి. లైటు, ఫ్యాను స్విచ్చులు వేయొద్దు, ఆపొద్దు కూడా.

వాసన పూర్తిగా పోయాక, స్టవ్ నాబులు మూసి, రెగ్యులేటర్ మళ్లీ పెట్టి సబ్బు నురగ పూయండి. (అగ్గిపుల్లతో చూసేవాళ్లకు ఓ దండం.) రెగ్యులేటర్ మెడ దగ్గర బుడగలొస్తే వాషర్. ట్యూబు కొసన వస్తే బిగింపు వదులైంది, లేదా ట్యూబే పగిలింది.

వాషర్‌ను స్క్రూడ్రైవరుతో కెలకొద్దు. లోపలి పిన్ను నొక్కుకుంటే గ్యాస్ ఎగజిమ్ముతుంది. సిలిండర్ తెచ్చే అతన్ని పిలిస్తే నిమిషంలో మారుస్తాడు. అసలు సిలిండర్ దింపినప్పుడే సీలు తీసి వాషర్ చూపించమనాలి.

నారింజరంగు సురక్షా ట్యూబు బాగానే కనిపించినా 5 ఏళ్లకు మార్చేయాలి. దానికి గుడ్డ తొడుగులు వద్దు, ఎలుక కొరికినా కనబడదు. లీకు ఆగకపోతే బయటికొచ్చి గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి.