పెళ్ళివారికి మల్లెల పరిమళంతో జీడిపండు పానకం

శ్రీకాకుళం జిల్లాలో పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా పరుచుకున్న ఉద్దానంలో మార్చి నుంచి మే నెల వరకు ఏ జీడితోటలో అడుగుపెట్టినా ఎర్రగానో పసుపుగానో పండిన జీడిమామిడి పండ్లు చెట్ల కింద పడి ఉంటాయి. ధర పలికేది పిక్కకే, అంటే జీడిగింజకే గనుక రైతులు పిక్కను తుంచుకొని పండును అక్కడే వదిలేస్తారు. సరిగ్గా అదే కాలంలో మల్లెలు విరగబూస్తాయి, ఊళ్ళో పెళ్ళిళ్ళూ ఎక్కువగా అప్పుడే జరుగుతాయి. ఎండన పడి వచ్చిన పెళ్ళివారి చేతికి రంగు కలిపిన సీసా పానీయం ఇచ్చే బదులు, ఈ పండునూ ఈ పువ్వునూ కలిపి చల్లని పానకం ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. అయితే ఇందులో పండుకు చేయవలసిన పని వేరు, పువ్వుకు చేయవలసిన పని వేరు. ఆ రెండింటినీ చివరి వరకు విడివిడిగా ఉంచగలిగితేనే పానకం కుదురుతుంది.

జీడిపండు రసం అనగానే చాలామంది వెనకడుగు వేయడానికి కారణం దాని వగరు. తీయగా ఉన్నట్టే ఉండి రెండు గుక్కలకే గొంతు పట్టేస్తుంది. పండులోని టానిన్లు అనే వగరు పదార్థాలే ఇందుకు కారణం. కోసిన ముక్కల మీద ఉప్పు చల్లుకొని తినే అలవాటు మన వైపు ఉన్నదే గాని, ఉప్పు వగరును కొంత కప్పిపుచ్చుతుందే తప్ప తీసివేయదు. టానిన్లను పట్టుకొని అడుగుకు దించేది గంజి, అంటే పిండిపదార్థం. అన్నం వార్చిన గంజితోనూ ఈ పని జరుగుతుంది, కానీ సగ్గుబియ్యంతో రసం ఇంకా తేటగా వస్తుంది, అన్నం వాసన కూడా రాదు.

ఇక్కడ చెప్పే కొలతలు 50 మందికి, మనిషికి 200 మిల్లీలీటర్ల గ్లాసు చొప్పున సుమారు 10 లీటర్ల పానకానికి సరిపోతాయి. పండ్లు 9 కిలోలు, సగ్గుబియ్యం 25 గ్రాములు, పంచదార 1 కిలో, నిమ్మకాయలు 20, మల్లెమొగ్గలు 100 గ్రాములు, కాచి చల్లార్చిన నీళ్ళు నాలుగున్నర లీటర్లు, ఉప్పు ఒక టీస్పూను సిద్ధం చేసుకోవాలి. పానకమన్నాక బెల్లం ఉండాలి కదా అని ఇంట్లో పెద్దవాళ్ళు అనవచ్చు. కానీ బెల్లం వాసన ముందు మల్లె నిలబడదు, రసం రంగు కూడా మట్టిరంగుకు తిరుగుతుంది. యాలకులు కూడా వద్దనే నా అభిప్రాయం. మిరియాలు ఇష్టమైతే పదింటిని కచ్చాపచ్చాగా దంచి వేసుకోవచ్చు.

పండ్లను పెళ్ళికి ముందురోజు తెల్లవారుజామునే తేవాలి. నేల మీద రాలి దెబ్బతిన్న పండు ఎండెక్కేసరికి పులియడం మొదలుపెడుతుంది గనుక, కొమ్మ మీదే పూర్తిగా పండి, చెయ్యి తగలగానే ఊడివచ్చే పండ్లను ఏరుకోవడం మంచిది. పిక్కను ఎట్టి పరిస్థితిలోనూ కత్తితో కోయకూడదు. పిక్క పెంకులో ఉండే జీడినూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, రసంలో కలిస్తే పెదవులూ నోరూ పూస్తాయి. అందుచేత పిక్కను చేత్తో మెలితిప్పి విడదీసి, అది అంటుకొని ఉన్న చోట పండును ఒక పలుచని బిళ్ళ మందాన కోసి పారేయాలి. పిక్కలు తీసిన చేతులను సబ్బుతో కడుక్కున్న తరువాతే రసం పనిలోకి దిగాలి. ఈ రసం బట్టల మీద పడితే గోధుమరంగు మరక పడుతుంది, ఎంత ఉతికినా పోదు. పెళ్ళికి కట్టుకోదలచిన చీరతో ఈ పనికి కూర్చోవద్దు.

పండ్లను రెండు నీళ్ళలో కడిగి, ముక్కలుగా కోసి, పలుచని నూలుగుడ్డలో వేసి పిండితే 9 కిలోలకు సుమారు నాలుగున్నర లీటర్ల రసం వస్తుంది. మిక్సీలో వేయవచ్చు గాని మెత్తగా రుబ్బకూడదు. పీచంతా నలిగి రసంలోకి దిగితే వగరు పెరుగుతుంది, తేట పట్టడమూ ఆలస్యమవుతుంది. పాత్రలన్నీ స్టీలువే కావాలి. ఇనుప కత్తీ ఇనుప బాణలీ తగిలితే టానిన్ల వల్ల రసం నల్లబడుతుంది. కళాయి లేని ఇత్తడి గంగాళంలో పులుపు రసం ఏదీ నిలవ ఉంచకూడదన్నది అందరికీ తెలిసినదే.

సగ్గుబియ్యాన్ని పొడి చేసి, రెండు గ్లాసుల నీళ్ళలో కలిపి, సన్నని మంట మీద గాజులా పారదర్శకంగా అయ్యే వరకు ఉడికించి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిగా పోస్తే ఉండలు కడుతుంది. చల్లారిన జావను రసంలో పోసి గరిటెతో బాగా కలిపిన కొద్దిసేపటికే రసంలో తెల్లని పొరల్లాంటివి విడివడుతూ కనిపిస్తాయి. అది విరిగిపోవడం కాదు, వగరు గడ్డకట్టడం. పాత్రకు మూత పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే చుట్టూ ఐసు నింపిన పెద్ద డబ్బాలో పెట్టాలి. బయట వదిలేస్తే మాత్రం ఏప్రిల్ ఎండకు ఈ రసం కొద్ది గంటల్లోనే పులిసి సారాయి దారి పడుతుంది. గోవాలో ఫెనీ తయారయ్యేది ఈ పండు పులిసిన రసం నుంచేనని గుర్తుంచుకుంటే, చిన్నపిల్లలకూ పెద్దలకూ ఇవ్వవలసిన పానకం విషయంలో చల్లదనం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఉదయం మూత తీసినప్పుడు పైన నురుగు కట్టి, నాలుకకు చురుక్కుమంటే ఆ రసాన్ని పారబోయడమే సరైన పని. పంచదార కలిపితే బాగవుతుందని ఆశపడకూడదు.

ఆ సాయంత్రం మల్లెల పని చూడాలి. దండలు కట్టి అమ్మే పూలు దీనికి పనికిరావు. వాటి మీద ఏ మందు కొట్టారో, ఏ నీళ్ళు చిలకరించారో చెప్పలేం. మందు కొట్టని పెరటి పొదల నుంచి మధ్యాహ్నం దాటాక మొగ్గలు కోయించాలి. పచ్చదనం పోయి, తెల్లగా ఉబ్బి, ఆ రాత్రికి విచ్చుకునేలా ఉన్న మొగ్గలే కావాలి. లేత మొగ్గలు కోశాక విచ్చుకోవు, వాసన ఇవ్వవు. మల్లెలో ఉన్న సుగుణమేమిటంటే, కొమ్మ నుంచి వేరైన తరువాత కూడా మొగ్గ రాత్రి విచ్చుకుంటూ పరిమళాన్ని వదులుతూనే ఉంటుంది. మనం పట్టుకోవలసినది ఆ కొన్ని గంటల పరిమళాన్నే. మొగ్గలను తెల్లగుడ్డ మీద పరిచి పురుగులు పోయేదాకా కాసేపు వదిలేసి, కాడనూ దాని మీది పచ్చని రక్షక పత్రాలనూ తీసివేయాలి. అవి నీళ్ళలో నానితే ఆకుపసరు చేదు వస్తుంది. చీకటి పడుతుండగా కాచి చల్లార్చిన నాలుగున్నర లీటర్ల నీళ్ళను వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి, మొగ్గలను పైన తేలేలా చల్లి, మూత పెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. తెల్లవారి ఏడైనా తీయకుండా వదిలేస్తే పూలు వడలిపోయి నీళ్ళకు మగ్గిన వాసన పడుతుంది. వడకట్టిన ఈ నీళ్ళను ఆ తరువాత ఎప్పుడూ వేడి చేయకూడదు. ఒక్క పొంగు వచ్చినా రాత్రంతా పట్టిన పరిమళం ఆవిరితో పోతుంది.

తెల్లని ప్రతి పువ్వూ మల్లెతో సమానమని అనుకోవద్దు. నందివర్ధనం, గన్నేరు, ఉమ్మెత్త వంటివి దేవుడికి పెట్టుకునే పూలే అయినా కడుపులోకి పోకూడనివి. పూలు కోసే పని పిల్లలకు అప్పగించినప్పుడు ఈ మాట ముందే చెప్పాలి. మల్లెలు దొరకని ఇంటివారు మొగలి జలం వాడుకోవచ్చు. పక్కనున్న ఒడిశాలోని గంజాం జిల్లా మొగలి పూల నుంచి జలం, అత్తరు తీసే బట్టీలకు పేరుపొందినది గనుక ఇచ్ఛాపురం వైపు వారికి ఇది కొత్త కాదు. ఆహారంలో వాడేందుకు అమ్మే నీళ్ళు మాత్రమే తీసుకోవాలి, ఒంటికి పూసుకునే అత్తరు కాదు. పది లీటర్లకు రెండు టీస్పూన్లు మించితే పానకం తాగుతున్నట్టు ఉండదు.

పెళ్ళిరోజు ఉదయం ఫ్రిజ్ నుంచి పాత్రను కుదపకుండా తీసి, పైన తేరిన తేటను మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకోవాలి. అడుగున మిగిలిన మడ్డి మీద ఆశ పెట్టుకోవద్దు. అందులోనే వగరంతా ఉంటుంది. తేటను రెండు మడతల గుడ్డలో వడకట్టి, పంచదార వేసి, అంచుల్లో చిన్న బుడగలు లేచేదాకా వేడి చేసి రెండు నిమిషాలు అలాగే ఉంచి దించాలి, మరగనివ్వకూడదు. దీనివల్ల పంచదార కరుగుతుంది, పులిసే గుణం ఆగుతుంది. తరువాత గిన్నెను చన్నీళ్ళ తొట్టిలో పెట్టి త్వరగా చల్లార్చాలి. పూర్తిగా చల్లారాకే మల్లెనీళ్ళు, ఉప్పు కలపాలి. నిమ్మరసం ఇవన్నీ అయ్యాక, వడ్డనకు గంట ముందు చేరాలి. కాయలన్నిటి రసమూ ఒకేసారి పోయక, ముప్పాతిక వంతు పోసి రుచి చూసి, చాలకపోతే మిగతాది కలపాలి. ఎందుకంటే ఎర్రపండ్ల తీపి, పసుపుపండ్ల తీపి తోట తోటకూ మారుతుంటుంది.

ఐసును పానకంలో వేయకుండా పానకం పాత్ర చుట్టూ వేయడం మేలు. కరిగే ఐసు రుచిని పలుచన చేస్తుంది, బజారు ఐసు ఏ నీళ్ళతో చేశారో తెలియదు కూడా. నానబెట్టిన సబ్జాగింజలు గ్లాసుకు అర చెంచా వేస్తే చూడటానికి బాగుంటుంది, తప్పనిసరి కాదు.

ఉద్దానంలో విందు చేసేవారు ఒక సంగతి తప్పక పట్టించుకోవాలి. ఇక్కడ కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నవారు ఎక్కువ. అటువంటి వారికి రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో, ఏ పండ్లు తినవచ్చో డాక్టర్లు లెక్క కట్టి చెబుతారు. చేతిలో ఉన్నవి కదా అని కొబ్బరినీళ్ళు ఈ పానకంలో కలిపేయడం మంచి ఆలోచన కాదు, కిడ్నీ జబ్బువారు జాగ్రత్త పడవలసిన పొటాషియం వాటిలో ఎక్కువ. పాత్ర దగ్గర నిలబడి పోసేవారు ఇందులో జీడిపండు రసం, పంచదార, నిమ్మ ఉన్నాయని అడగకముందే చెప్పాలి. వద్దన్నవారిని బలవంతపెట్టకుండా మంచినీళ్ళు ఇవ్వాలి. షుగరు ఉన్నవారికీ, జీడిపప్పు పడనివారికీ ఇదే మర్యాద వర్తిస్తుంది.

మిగిలిన పానకాన్ని ఫ్రిజ్‌లో మరుసటి రోజు మధ్యాహ్నం వరకు ఉంచవచ్చు, పరిమళం మాత్రం తగ్గుతుంది. పిండగా మిగిలిన పిప్పిని అదేరోజు పశువుల దాణాలో కొద్దిగా కలపవచ్చు. పులిసిన పిప్పి మాత్రం పెంటకుప్పలోకే పోవాలి.