హిందీ మాట్లాడేవాళ్లకు 'హార్డ్‌లీ' ఎలా నేర్పాలి?

మా పక్కింట్లో ఉండే పాట్నా అమ్మాయి ఉద్యోగానికి దరఖాస్తు రాసుకుని, పంపేముందు ఒకసారి చూడమని తెచ్చింది. అందులో "ఐ వర్క్ హార్డ్‌లీ" అని ఉంది. కష్టపడి పనిచేస్తానని చెప్పాలనుకుంది పాపం. చదివేవాళ్లకు మాత్రం "నేను పని చేయనట్టే" అని అర్థమవుతుంది. చివర ఒక 'లీ' చేరినందుకు అంత కష్టజీవికి అన్యాయం జరగకూడదని ఆ సాయంత్రమే కూర్చోబెట్టి చెప్పాను. ఇంటి దగ్గరో ఆఫీసులోనో హిందీవాళ్లకు ఇంగ్లీషులో సాయపడే తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఇది వాళ్ల కోసం.

1. ముందు హార్డ్‌ని, హార్డ్‌లీని విడదీయండి

స్లో నుంచి స్లోలీ, క్విక్ నుంచి క్విక్‌లీ అని బడిలో నేర్పుతారు. ఆ లెక్కనే హార్డ్‌కి కూడా 'లీ' తగిలిస్తారు. కానీ 'ఫాస్ట్' లాగే 'హార్డ్' కూడా 'లీ' లేకుండానే క్రియ పక్కన నిలబడుతుంది. రెండు వాక్యాలు పక్కపక్కన రాయించండి.

"షీ స్టడీడ్ హార్డ్" అంటే ఉస్‌నే ఖూబ్ మెహనత్ సే పఢాయీ కీ.
"షీ హార్డ్‌లీ స్టడీడ్" అంటే ఉస్‌నే న కే బరాబర్ పఢాయీ కీ.

'న కే బరాబర్' అంటే మన 'లేనట్టే'. హార్డ్‌లీకి మొదటి ఇల్లు అదే.

2. 'ముష్కిల్ సే'ని కొన్నాళ్లు పక్కన పెట్టించండి

అసలు చిక్కు ఇక్కడే. ఇంగ్లీషు-హిందీ నిఘంటువుల్లో హార్డ్‌లీకి 'ముష్కిల్ సే' అన్న అర్థం కనిపిస్తుంది. అది ఊరికే పుట్టలేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, ధనవంతుడు పరలోక రాజ్యంలో ప్రవేశించడం గురించి చెప్పేచోట హార్డ్‌లీ అంటే 'కష్టం మీద' అనే. 'కష్టం మీద జరిగింది' అన్నది మెల్లగా జారి 'జరగనట్టే' అయింది. మన 'దుర్లభం' అన్న మాటలో కష్టం, అరుదు రెండూ ఎలా కలిసున్నాయో చూస్తే ఈ ప్రయాణం తేలిగ్గా అర్థమవుతుంది.

ఇప్పటి ఇంగ్లీషులో మాత్రం పాత అర్థం చెల్లదు. "మై ముష్కిల్ సే స్టేషన్ పహుంచా" అన్నదాన్ని "ఐ హార్డ్‌లీ రీచ్డ్ ద స్టేషన్" అని మార్చకూడదు. అతను నానా అవస్థలూ పడి చేరుకున్నాడు, అంతే. అక్కడ "ఐ మేనేజ్డ్ టు రీచ్ ద స్టేషన్" అనాలి. "ముష్కిల్ సే దస్ లోగ్ ఆయే" అంటే మాత్రం "హార్డ్‌లీ టెన్ పీపుల్ కేమ్" సరిపోతుంది, ఎందుకంటే అక్కడ చెప్పేది కష్టం గురించి కాదు, తక్కువతనం గురించి. అనుమానం వచ్చినప్పుడల్లా ఒక్క ప్రశ్న వేసుకోమనండి: పని కష్టపడి జరిగిందా, జరగనట్టేనా? కష్టపడి జరిగితే హార్డ్‌లీ వద్దు.

3. 'షాయద్ హీ' చేతికివ్వండి

ఈ విషయంలో హిందీవాళ్లు మనకన్నా అదృష్టవంతులు. తెలుగులో 'దాదాపు ఎవరూ రారు' అని క్రియను వ్యతిరేకంలో పెట్టాలి. హిందీలో "షాయద్ హీ కోయీ ఆయే" అంటే చాలు, 'నహీ' లేకుండానే 'రారు' అన్న భావం వచ్చేస్తుంది. హార్డ్‌లీ తీరూ అంతే. తక్కిన మాటలు కూడా ఎంత చక్కగా జత కలుస్తాయో చూడండి: షాయద్ హీ కోయీ అంటే 'హార్డ్‌లీ ఎనీవన్', షాయద్ హీ కభీ అంటే 'హార్డ్‌లీ ఎవర్', షాయద్ హీ కుఛ్ అంటే 'హార్డ్‌లీ ఎనీథింగ్'. ఇక్కడ 'నహీ' పెట్టరు కాబట్టి అక్కడా 'నాట్' పెట్టకూడదు. "ఐ కాంట్ హార్డ్‌లీ హియర్ యూ" తప్పు, "ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యూ" ఒప్పు. స్థానం కూడా ఈ వాక్యంలోనే తెలుస్తోంది: 'కెన్' తర్వాత, 'హియర్'కి ముందు.

'హీ' లేని 'షాయద్' ఉత్త 'బహుశా' మాత్రమే. హిందీ అంతగా రాని మనం ఇక్కడ పొరబడతాం, జాగ్రత్త.

4. 'థోడే హీ' గుర్తు చేయండి

దీన్ని చాలామంది నేర్పరు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. "దట్స్ హార్డ్‌లీ మై ఫాల్ట్" అన్నప్పుడు కొలత ఏమీ లేదు, ఒప్పుకోనని మర్యాదగా చెప్పడం. హిందీలో "యహ్ మేరీ గల్తీ థోడే హీ హై", తెలుగులో "అది నా తప్పా ఏమిటి?" ఈ పోలిక చెప్పగానే ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. రోజూ ఇంట్లో అమ్మతో అనే మాటే ఇంగ్లీషులోనూ ఉందని తెలిస్తే భాష మీద భయం సగం పోతుంది.

5. పోటీ పరీక్షల కోసం ఒక జంట

"మై బైఠా హీ థా కి ఫోన్ బజ్ ఉఠా", అంటే "కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది" అన్నది "హార్డ్‌లీ హాడ్ ఐ సాట్ డౌన్ వెన్ ద ఫోన్ ర్యాంగ్" అవుతుంది. ఆ 'కి' ఉన్నచోట 'వెన్' రావాలి. 'ద్యాన్' (than) అన్నది 'నో సూనర్'కి జత.

6. "హార్డ్‌లీ పది నిమిషాలండీ" సంగతి

ఇది హిందీవాళ్లకీ మనకీ ఉమ్మడి అలవాటు. 'మహా అయితే పది' అన్న అర్థంలో వాడతాం. మనలో మనకు ఇబ్బంది లేదు. ఆఫీసు మెయిల్లో మాత్రం "ఓన్లీ ఎబౌట్ టెన్ మినిట్స్" అని రాయించండి, ఎక్కడివాళ్లకైనా సూటిగా అర్థమవుతుంది.

చివర్లో ఈ మూడూ ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చమనండి: "వహ్ షాయద్ హీ కభీ చాయ్ పీతా హై", "ఉస్‌నే ముష్కిల్ సే దర్వాజా ఖోలా", "మై ఖూబ్ మెహనత్ కర్‌తీ హూఁ". మొదటిదానికే హార్డ్‌లీ కావాలి. రెండోదానికి 'మేనేజ్డ్ టు' చాలు. మూడోది "ఐ వర్క్ హార్డ్". ఆ అమ్మాయి దరఖాస్తులో ఇప్పుడున్న వాక్యం అదే.