పాత థంబ్‌నెయిల్ టూల్ అప్‌డేట్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇంట్లోవాళ్లకు ఫోటోలు చిన్నవి చేసి పంపడానికి ఎప్పుడో పెట్టుకున్న టూల్‌ను ముట్టుకునే ముందు:

– ఒరిజినల్స్‌ను మరో డిస్కులోకి కాపీ చేయండి. చిన్న ఫోటోలు వేరే ఫోల్డర్‌లోకే వెళ్లాలి. అదే పేరుతో సేవ్ అయితే 4000 పిక్సెళ్ల ఫోటో 200కి పడిపోతుంది. ఆ తర్వాత ఎంత పెద్దది చేసినా అమ్మమ్మ కళ్ల పక్కన ముడతలు తిరిగి రావు. ఫోటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మోగ్రిఫై (mogrify) కమాండ్ దగ్గర మరీ జాగ్రత్త. వేరే చోటు చూపించకపోతే అది ఒరిజినల్ మీదే రాసేస్తుంది.

– ఎగ్జిఫ్‌లోని, అంటే ఫోటో ఫైల్ లోపల దాగి ఉండే సమాచారంలోని, జీపీఎస్ వివరాలు తీసేయండి. పిల్లల ఫోటోతో పాటు ఇంటి లొకేషన్ కూడా వెళ్లిపోవచ్చు. కత్తిరించిన ఫోటోలోనూ మీరు తీసేసిన భాగం పాత బుల్లి థంబ్‌నెయిల్ రూపంలో లోపలే మిగిలి ఉండొచ్చు.

– ఎగ్జిఫ్ తీసేయడానికి ముందే ఫోటోను తిప్పించండి. నిలువుగా తీసిందన్న గుర్తు ఉండేది అందులోనే. అది పోతే మనుషులు అడ్డంగా పడుకుంటారు.

– పైథాన్ స్క్రిప్టయితే ‘యాంటీఅలియాస్’ (ANTIALIAS) అనే పదం వెతకండి. పైథాన్‌లో ఫోటోల పని చేసే పిల్లో లైబ్రరీ 2023లో వచ్చిన 10వ వెర్షన్‌లో దాన్ని తీసేసింది. బదులుగా ‘లాంచోస్’ (LANCZOS) పెడితే సరిపోతుంది.

– టూల్ నడిపే ముందూ తర్వాతా ఫైళ్లు లెక్కపెట్టండి. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు ఫోటోలను జేపీజీకి బదులు హెచ్‌ఈఐసీ (HEIC) అనే ఫార్మాట్‌లో తీస్తున్నాయి. కొన్ని పాత టూల్స్ వాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తాయి.

– మొదట ఇరవై ఫోటోలతోనే నడిపి చూడండి. నిలువువి, అడ్డంవి, స్కాన్ చేసిన పాతవి, తెలుగు పేర్లున్న ఫైళ్లు అందులో తప్పకుండా ఉండాలి.