కిటికీ పక్క కుండీలకు ఎరువు కొలత
ఇంట్లో కిటికీ దగ్గర పెంచే నిమ్మ, మిర్చి మొక్కలకు ఎరువు ఎంత వేయాలో తెలియక చిటికెడు చిటికెడు వేస్తే ఆకుల అంచులు మాడిపోయేవి. ఇప్పుడు కుండీని బట్టి కాకుండా నీళ్లను బట్టి కొలుస్తున్నాను. 5 లీటర్ల నీళ్లలో నీటిలో కరిగే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) పొడి ఒక టీస్పూన్ కలపాలి. చెంచాలో పొడి గుట్టలా ఉండకుండా వేలితో సమం చేస్తే దాదాపు 5 గ్రాములు, అంటే లీటరుకు గ్రాము. ముందు మామూలు నీళ్లతో మట్టి తడిపి, తర్వాత ఈ నీళ్లు కింది రంధ్రంలోంచి నాలుగు చుక్కలు కారేదాకా పోయాలి. పెద్ద కుండీ ఎక్కువ తాగుతుంది, చిన్నది తక్కువ, వేరే లెక్క అక్కర్లేదు. 15 రోజులకోసారి చాలు. పూత మొదలయ్యాక అదే కొలతలో 13-0-45 (భాస్వరం లేకుండా పొటాష్ ఎక్కువగా ఉండే ఎరువు) వాడుతున్నాను.

ఎండ తగలక కొత్త చిగురు రాని మొక్కకు మాత్రం ఇది పనిచేయదు, ఎరువు మట్టిలోనే పేరుకుంటుంది. మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే ఎరువు ఆపేసి, రెండు మూడుసార్లు ఉత్త నీళ్లు బాగా పోసి కారనివ్వండి.