రేడియోలో భక్తి, ధర్మం గురించి శ్రోతలతో మాట్లాడించడం ఎలా?

హైదరాబాద్‌లో ఈమధ్య చిన్న రేడియోల వాళ్ళు, కాలేజీ స్టూడియోల పిల్లలు చాలామంది "విశ్వాసం - విలువలు" అని ఏదో పేరు పెట్టి ఫోన్-ఇన్ కార్యక్రమం మొదలుపెడుతున్నారు. సంతోషమే. కానీ నాలుగు వారాలు తిరిగేసరికి అది ప్రవచనమైనా అయిపోతుంది, కొట్లాటైనా అయిపోతుంది. ప్రవచనం వినాలనుకుంటే పొద్దున్నే ఆకాశవాణిలో భక్తిరంజని ఉంది, టీవీలో ఛానెళ్ళకు ఛానెళ్ళే ఉన్నాయి. ఫోన్ చేసిన మనిషి చేత తన మనసులో మాట చెప్పించడం వేరే పని, దానికి వేరే పద్ధతి ఉంది. ఏళ్ళ తరబడి చేస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

కావలసినవి

ఒక మిక్సర్, రెండు మైకులు, రెండు హెడ్‌ఫోన్లు, ఫోన్ లైన్‌ని మిక్సర్‌కి కలిపే హైబ్రిడ్. మాట్లాడింది ఏడెనిమిది సెకన్లు ఆలస్యంగా ప్రసారమయ్యేలా చేసే డిలే ఉండి తీరాలి, అది లేకపోతే లైవ్ జోలికే పోవద్దు, రికార్డు చేసి వేసుకోండి. కమ్యూనిటీ రేడియోలు ప్రసారం చేసిన ప్రతిదీ మూడు నెలలు భద్రపరచాలని నిబంధన ఉంది కాబట్టి ఒక హార్డ్ డిస్క్. అంతే.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు తీసుకోవద్దు. ఇంట్లో కూర్చుని నాలుగుసార్లు చెరిపి, బాగా వచ్చింది పంపుతారు, అది ఉపన్యాసం పోటీలా ఉంటుంది. వెనకాల వేణువు, తంబూరా కూడా వద్దు. ఆ సంగీతం వినగానే ఫోన్ చేసినవాళ్ళు గొంతు మార్చేసి భక్తిగా మాట్లాడటం మొదలుపెడతారు, నిజం బయటికి రాదు.

టైము రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే. గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టాకగానీ ఆడవాళ్ళకు తీరిక దొరకదు. క్యాబ్ డ్రైవర్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, షట్టర్ దించేసిన షాపులవాళ్ళు వినేదీ అప్పుడే. ఈ విషయాల మీద ఈ ఊళ్ళో అందరికంటే బాగా మాట్లాడేది కూడా వాళ్ళే.

అతిథి, విషయం

అతిథి ఒక్కరే ఉండాలి. పంతులుగారు, మౌల్వీ సాబ్, పాస్టర్ గారు ముగ్గుర్నీ వరసగా కూర్చోబెట్టడం అందరూ చేసే పనే. ముగ్గురూ చాలా మర్యాదగా "అన్ని మతాలూ చెప్పేది ఒకటేనండీ" అని లేచి వెళ్ళిపోతారు, అడిగినావిడ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. ఒక్కరిని పిలవండి, ఆ ఒక్కరూ మతపెద్దే కానక్కర్లేదు. రోజూ చావులు చూసే నర్సు గానీ, శ్మశానంలో పనిచేసే మనిషి గానీ వస్తే ఆ రోజు సంభాషణ లోతే వేరు.

విషయం ఎప్పుడూ గుమ్మం దగ్గర మొదలవ్వాలి. "దేవుడున్నాడా?" అని పెడితే వాదించేవాళ్ళే ఫోన్ చేస్తారు. టు-లెట్ బోర్డు చూసి వెళ్తే ఓనర్ ముందు "మీరేమిట్లు?" అని అడుగుతాడు కదా, దాని గురించి పెట్టండి, లైన్లు ఖాళీ ఉండవు. అడిగించుకున్నవాళ్ళూ చేస్తారు, అడిగిన ఓనర్లూ చేస్తారు. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ రెండూ సెప్టెంబర్ 28నే వచ్చాయి. ఇక్కడి ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. పండగ విషయంలో పక్కవాడి కోసం ఎంతవరకు సర్దుకోవచ్చు, సర్దుకున్నవాళ్ళకు మనం ఏం బాకీ ఉంటాం అనేది ఎన్ని రాత్రులు మాట్లాడినా తరగని విషయం. కాకపోతే ఏ పండగ గురించైనా ఆ పండగ వారంలో మాట్లాడొద్దు. ఊరు వేడి మీద ఉంటుంది.

కాల్స్ తీసుకునే మనిషి

స్టూడియో బయట ఫోన్ ఎత్తే మనిషి మూడు ప్రశ్నలే అడగాలి: ఎక్కడినుంచి, ఏం జరిగింది, ఎవరికి జరిగింది. మూడోదానికి "సమాజానికండీ" అన్నవాళ్ళని చివరికి ఉంచండి. ప్రసారంలో (మేం "గాలిలో" అంటాం) పేరు వద్దు, దిల్‌సుఖ్‌నగర్, టోలీచౌకి అని ఏరియా చాలు.

రెండో ప్రశ్న

మిగతాదంతా ఎవరైనా చేస్తారు, చెడిపోయేది ఇక్కడే. శ్రోత మొదట అడిగే ప్రశ్న అసలు ప్రశ్న కాదు. అసలుదాన్ని బయటికి తేవడానికి మనం తిరిగి అడిగేదే రెండో ప్రశ్న. మొదటిదానికే జవాబు చెప్పేస్తే కార్యక్రమం అక్కడితో ముగిసిపోయినట్టే.

ఉషశ్రీ గారు ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి "ధర్మసందేహాలు" చెప్పిన రోజుల్లో శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన జవాబు చెప్పేవారు. ఆ గొంతు, ఆ చదువు ఆయనకే చెల్లింది. ఉత్తరానికి అదే సరైన పద్ధతి, ఎందుకంటే రాసినవాళ్ళని ఇంకేమీ అడగలేం. ఫోన్‌లో మనిషి ఉన్నప్పుడు అడగొచ్చు. అడిగే వీలుండి కూడా అడక్కుండా జవాబు చెప్పడం ఆ మనిషి మాట కోసేయడమే.

ఒక ఉదాహరణ. మౌలాలీ నుంచి ఒకావిడ. "అమ్మ పోయినప్పుడు కళ్ళు దానం చేశామండీ. వచ్చే జన్మలో గుడ్డిదై పుడుతుందని బాబాయి అన్నాడు. నిజమేనా?" ఆ రోజు అతిథి బాగా చదువుకున్న పండితుడు, శ్లోకం నోటిదాకా వచ్చేసింది. నేను బల్ల మీద ఆయన చేతిపై చెయ్యి వేసి ఆపి, "అమ్మ బతికుండగా ఏమనేదమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అంది, "అమ్మకి తెలీదండీ. ఆరు గంటల్లోపు తీసుకోవాలన్నారు, నేనే సంతకం పెట్టాను. అమ్మని అడగలేదు." ఆవిడ్ని తొలుస్తున్నది వచ్చే జన్మ కాదు, అడక్కుండా చేశానన్న బాధ. శ్లోకం చెప్పి ఉంటే "థ్యాంక్సండీ" అని పెట్టేసేది, ఆ బాధ ఆవిడ దగ్గరే ఉండిపోయేది. ఆ తర్వాత మిగతా టైమంతా పోయినవాళ్ళ తరఫున మనం నిర్ణయాలు తీసుకోవచ్చా అన్నదాని మీదే కాల్స్ వచ్చాయి. ఆ పండితుడు కూడా తన తండ్రి విషయం చెప్పారు.

ఇది చేసేటప్పుడు జాగ్రత్తలు చాలా ఉన్నాయి. "ఎందుకు" అని అడగొద్దు, "ఎందుకలా చేశారు" అంటే పోలీస్ స్టేషన్‌లో అడిగినట్టుంటుంది. ఏమైంది, అప్పుడు పక్కన ఎవరున్నారు, వాళ్ళేమన్నారు, ఇలా అడగండి. అడిగాక నోరు మూసుకోండి. రేడియోలో నాలుగైదు సెకన్ల మౌనం అంటే కొత్తవాళ్ళకి టెన్షన్ వచ్చేస్తుంది, "హలో, లైన్‌లో ఉన్నారా?" అనేస్తారు. అనొద్దు. ఊపిరి వినపడుతూనే ఉంటుంది, మనిషి ఉన్నట్టే. "మీ బాధ నాకర్థమైంది" అనొద్దు, మీకు అర్థం కాలేదు, ఇంకా మొత్తం చెప్పనేలేదు. మీ ఇంట్లో జరిగింది ఎత్తుకోవద్దు. ఏడుపు వస్తే ఓదార్పు మాటలతో పైన పడొద్దు, "నిదానంగా చెప్పమ్మా" చాలు. రెండో ప్రశ్న ఒక్కటే ఉండాలి, మూడు నాలుగు అడిగితే ఆరా తీసినట్టవుతుంది.

అతిథికి ఇదంతా ముందే చెప్పాలి, చెప్పినా ఆగరు, అందుకే పక్కనే కూర్చోబెట్టుకోవాలి. అలాగని సమాచారం దాచిపెట్టకూడదు. చట్టం ఏమంటోంది, డాక్టర్లు ఏమంటారు లాంటివి వెంటనే చెప్పేయండి. తప్పా ఒప్పా అనే తీర్పు దగ్గరే ఆగాలి.

ఇంకో ప్రమాదం, మాట తన ఇంటి నుంచి మెల్లగా పక్కవాళ్ళ మతం మీదికి జారడం. వాదించకండి, వాదిస్తే ఇంకా రెచ్చిపోతారు. "మీకు తెలిసిన ఒక్క మనిషి గురించి చెప్పండి అన్నా, పేరు వద్దు" అనండి. చాలామంది అక్కడ తగ్గి, ఎదురింటి భాయ్ గురించో, ఆఫీసులో పక్క సీటాయన గురించో చెప్పడం మొదలుపెడతారు, గొంతు కూడా మారిపోతుంది. అప్పటికీ ఆగకపోతే, డిలేలో ఉన్న మాట ప్రసారం కాకుండా చెరిపేసే డంప్ బటన్ నొక్కి, "అన్నా, ఈ మాట ఇక్కడ కుదరదు" అని చెప్పి పెట్టేయండి. మతాల మీద, వర్గాల మీద దాడి చేసే మాటలు ప్రసారం చేయకూడదని ఆకాశవాణి కోడ్‌లోనే ఉంది, భారతీయ న్యాయ సంహిత 196, 299 సెక్షన్లూ ఉన్నాయి. కేసు సంగతి అటుంచండి, ఆ మాట గాలిలోకి వెళ్తే అప్పటిదాకా ధైర్యం చేసి ఫోన్ చేస్తున్న ఒక వర్గం శ్రోతలు మళ్ళీ చేయరు.

బతకాలని లేదన్న మాట వినపడితే పాట వేసి, ఆ కాల్‌ని వెంటనే గాలిలోంచి తీసేయండి. లైన్ మాత్రం కట్ చేయొద్దు. ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వాలి, ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కి చెప్పాలి. గురువులకి వదిలేసే విషయం కాదిది.

అయిపోయాక

మనసు విప్పి మాట్లాడినవాళ్ళకి ఆ రాత్రే తిరిగి ఫోన్ చేయండి. ఎలా ఉన్నారని అడిగి, పునఃప్రసారం చేయొచ్చా అని కూడా అడగండి. వద్దంటే ఆ ముక్క తీసేయాలి, ఎంత బాగున్నా సరే. జవాబు తేలని ప్రశ్నని నోట్‌బుక్‌లో ఏరియా పేరుతో రాసుకుని, వచ్చే వారం కార్యక్రమం దాంతోనే మొదలుపెట్టండి.