పదో తరగతి పిల్లల ముందు ఐటీఐ స్టాలు పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పది ఫలితాలతో పాటే బడుల్లో కెరీర్ మేళాలూ మొదలవుతాయి. ఐటీఐల తరఫున వెళ్లేవారికి కొన్ని జాగ్రత్తలు.

• ఐటీఐలకు కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం (డీజీటీ) ఇచ్చే గుర్తింపు (పాత పేరుతో ఎన్‌సీవీటీ గుర్తింపు) ట్రేడు (కోర్సు) వారీగా, యూనిట్ల (బ్యాచ్‌ల) వారీగా ఉంటుంది. సంస్థకు ఉంది కదా అని గుర్తింపు లేని ట్రేడులో చేర్చుకుంటే పిల్లలకు జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ రాదు. పోయిన ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. కరపత్రం అచ్చుకు పంపే ముందే, ట్రేడు పేరు సహా, సరిచూడండి.

• అప్రెంటిస్ భృతిని, అంటే పరిశ్రమలో శిక్షణ కాలంలో ఇచ్చే డబ్బును, ఉద్యోగ జీతంగా చెప్పకండి. ఆ అంకెను నమ్మి అప్పు చేసే తల్లిదండ్రులుంటారు.

• వెల్డింగ్ ప్రదర్శన బడి ఆవరణలో వద్దు. ఆర్క్ వెలుగుకు కళ్లు దెబ్బతింటాయి, నొప్పి కొన్ని గంటల తర్వాతే తెలుస్తుంది. స్విచ్‌బోర్డు బిగించడం లాంటిది, కరెంటు లేకుండా, పిల్లల చేతనే చేయించండి. చేత్తో చేసిన పనే వాళ్లకు గుర్తుంటుంది.

• ఐటీఐ తర్వాత పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉందని, దాని అర్హతలతో సహా చెప్పండి. చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయమే చాలా ఇళ్లలో అడ్డు.

• వెల్డర్ కోర్సు ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు రెండేళ్లు. కలిపి చెప్పకండి.

• ఆడపిల్లల తల్లులు హాస్టల్, బస్సు, మరుగుదొడ్ల గురించి అడుగుతారు. కనుక్కునే వెళ్లండి.