ఇత్తడి ఆల్చిప్ప డోర్ నాకర్: మచ్చలు, తుప్పు, మూగబోయిన శబ్దం

వైజాగ్‌లో మా ఇల్లు సముద్రానికి దగ్గర. వీధి తలుపుకి ఆల్చిప్ప ఆకారం ఇత్తడి నాకర్ (వచ్చినవాళ్లు తలుపు తట్టే కొక్కెం) ఉంది. ఉప్పుగాలి దాన్ని ఊరికే వదలదు. మచ్చ కనబడగానే చింతపండు అందుకోకండి. మచ్చ రంగు చూస్తే కారణం తెలిసిపోతుంది.

అక్కడక్కడ నల్లమచ్చలు, మిగతాదంతా తళతళ

కొత్త నాకర్ల మీద చాలావరకు కంటికి కనబడని క్లియర్ పూత ఉంటుంది. అది లేచినచోట గాలి తగిలి ఇత్తడి నల్లబడుతుంది. పూత ఉండగా ఎంత తోమినా అతుకులు అతుకులుగానే ఉంటుంది. నాకర్‌ని విప్పి, ఆరుబయట గ్లౌజులు వేసుకుని పెయింట్ రిమూవర్‌తో పూతంతా తీసెయ్యండి. తర్వాత చింతపండు గుజ్జు, పాత టూత్‌బ్రష్. ఆల్చిప్ప మీది చారల వెంటే, మొదలు నుంచి అంచుదాకా తోమాలి. పులుపు చారల్లో మిగిలిపోతే పచ్చటి చిలుము పడుతుంది, అందుకే బాగా కడిగి వెంటనే ఆరబెట్టండి. పైన పలచగా మైనం పట్టించండి.

లోతుల్లోని నలుపు కొంచెం ఉండనివ్వండి. అది ఉంటేనే చారలు తేలి, ఆల్చిప్పకు జీవం వస్తుంది.

అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ మాత్రం వద్దు. అది ఇత్తడిని పగలగొట్టగలదు.

ఎర్రటి తుప్పు

ఇత్తడికి ఎర్రతుప్పు పట్టదు. అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుమే. తుప్పు స్క్రూల చుట్టూ మాత్రమే ఉంటే ఇనుప స్క్రూలు మార్చి ఇత్తడివి వెయ్యండి. ఇత్తడి స్క్రూ మెత్తన. మా టేకు తలుపులో నేరుగా తిప్పితే ఒకదాని తల తెగి చేతిలోకి వచ్చింది, కాడ లోపలే ఉండిపోయింది. ముందు డ్రిల్‌తో సన్నని రంధ్రం చేసి, అదే సైజు స్టీల్ స్క్రూ ఒకసారి ఎక్కించి తీసెయ్యండి. ఆ దారిలో సబ్బు రాసిన ఇత్తడి స్క్రూ హాయిగా దిగుతుంది.

గులాబీ రంగు మచ్చ

ఇత్తడిలోంచి జింక్ పోయి రాగి మిగిలిందన్నమాట. పైపైన ఉంటే పాలిష్‌తో పోతుంది. గుల్లబారితే నాకర్ మార్చాల్సిందే.

కొడితే మందంగా వినిపించడం

కింద తగిలే ఇత్తడి బొడిపె మీద పెయింట్ పేరుకుందేమో చూసి గీకెయ్యండి. బొడిపే లేకపోతే దెబ్బ చెక్కకి తగిలి శబ్దం చస్తుంది, ఒకటి బిగించండి.

గాలికి దానంతటదే కొట్టుకోవడం

కీలు పిన్ను అరిగింది. పక్కన సన్నని నైలాన్ వాషర్ వేస్తే బిగువొస్తుంది.